రాగి గొట్టమా, ప్లాస్టిక్ గొట్టమా? చేవెళ్ళ నుంచి ఒక పైపుల చరిత్ర

ఇంట్లో వేణ్ణీళ్ళకి రాగి పైపులు మంచివా, ప్లాస్టిక్ పైపులు మంచివా అన్న ప్రశ్నకి నా జవాబు ముందే చెప్పేస్తాను. తీరిక లేనివాళ్ళు ఈ పేరా చదివి వెళ్ళిపోవచ్చు. పైపుల షాపుకి వెళ్ళేముందు ఒక సీసాలో మీ బోరు నీళ్ళు పట్టుకుని లాబ్‌కి వెళ్ళండి. ఆ తర్వాత, రేపు ఆ పైపు లీకైతే బాగుచెయ్యగలిగే మనిషి మీ ఊళ్ళో ఉన్నాడో లేడో కనుక్కోండి. ఈ రెండూ తెలిశాక రాగా ప్లాస్టిక్కా అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. పైపుల చరిత్ర తిరగేస్తే నాకర్థమైంది ఇదే. పెద్ద పెద్ద దెబ్బలు తిన్నవాళ్ళంతా ఈ రెంటిలో ఏదో ఒకటి అడక్కుండా పని మొదలెట్టినవాళ్ళే.

"మే నెలలో ట్యాంకులో నీళ్ళు వాటంతటవే కాగుతుంటే చేవెళ్ళలో ఈ ప్రశ్న ఎందుకయ్యా?" అనొచ్చు మీరు. నిజమే, ఈ ప్రశ్న చలిదేశాల్లో సెంట్రల్ హీటింగ్ దగ్గర పుట్టింది. ఇంటి అడుగున ఒక బాయిలరు, దాన్నుంచి గదిగదికీ వేడినీళ్ళు మోసుకెళ్ళే పైపులు, ప్రతి గదిలో గోడకో రేడియేటరు, లేదా నేల కింద చుట్టలు చుట్టిన గొట్టం. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుళ్ళో పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా చేతికొచ్చాక నూటెనిమిదీ పూర్తిచేసి విమానమెక్కిన మనవాళ్ళు కొన్నేళ్ళకి మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొంటారు. అప్పుడు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో మొదటిసారి చూస్తారు.. పైపులు రాగివా, పెక్స్‌వా, పాలీబ్యూటిలీన్‌వా అని. అప్పటిదాకా పైపు అంటే పైపే.

ఇక ఇటుపక్క చేవెళ్ళ, మొయినాబాద్ దారిలో కొత్త ఇల్లు ఏది చూసినా మిద్దె మీద సోలార్ హీటరుంటోంది. ఒక ట్యాంకు, దాన్నుంచి మూడు బాత్రూములకీ వంటింటికీ లైను. రేడియేటర్లు లేవుగానీ ఇదీ బుల్లి సెంట్రల్ హీటింగే. ఒకచోట వేడెక్కిన నీళ్ళు గోడల్లోంచి ఇల్లంతా తిరుగుతాయి. గోడలో పాతాక మళ్ళీ చూసే పని ఉండకూడదని ఆశ. కాబట్టి ప్రశ్నా అదే.

చేవెళ్ళ పక్క పల్లెలో మా పాత ఇంటికి ఈమధ్య మరమ్మతులు పెట్టుకున్నాం. రిటైరైన అమ్మానాన్నలు ఉండే ఇల్లది. వేణ్ణీళ్ళ లైను దగ్గరకొచ్చేసరికి ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. నాన్నది రాగి పార్టీ. "రాగి చెంబుల నీళ్ళు తాగితే మంచిదంటరు గదా, రాగి పైపుల వస్తే చెడ్డయైతయా?" అన్నది ఆయన వాదన. న్యూజెర్సీలో ఉన్న మా బావది పెక్స్ పార్టీ. ఆయన ఇంట్లో మొత్తం అదే, ఎర్ర గొట్టం వేడికి, నీలం గొట్టం చల్లటికి. మా ప్లంబరు మాత్రం ఒక్కటే మాటన్నాడు. "సార్, ఏదన్నా ఎయ్యిండ్రి. రేపు లీకైతే నేను అతకగలిగేది ఎయ్యిండ్రి." ముగ్గురిలో ఎవరి మాటకి చరిత్ర బలమెక్కువో చూద్దామని కూర్చుంటే ఇదంతా బయటపడింది.

ముందు మన దగ్గర్నుంచే మొదలెడదాం. మైండ్‌స్పేస్‌లో పనిచేసేవాళ్ళకి దుర్గం చెరువంటే కేబుల్ బ్రిడ్జి, దాని మీద సెల్ఫీలు. కుతుబ్‌షాహీల కాలంలో, అంటే 1518 నుంచి 1687 మధ్య, అది గోల్కొండ కోటకి మంచినీళ్ళ చెరువు. అక్కణ్ణుంచి కోటకి నీళ్ళొచ్చింది కాల్చిన మట్టి గొట్టాల్లో. కోటలోకి వచ్చాక పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, ఒక్కో ఎత్తులో ఒక్కో తొట్టిలో నింపి, మళ్ళీ మట్టి గొట్టాల్లోనే మహళ్ళకి వదిలేవాళ్ళు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఒక హమామ్ కూడా ఉంది. మన సబ్బుకి ఆ పేరు ఊరికే రాలేదు, హమామ్ అంటే వేడినీళ్ళ స్నానశాల. మన ప్రాంతంలో సెంట్రల్ హీటింగ్‌కి తాతలాంటిది ఏదన్నా ఉందంటే అదే.

రాగి కొనే తాహతులేక మట్టి వాడారా? వజ్రాల వ్యాపారం చేసిన గోల్కొండకి డబ్బుల్లేకపోవడమేమిటి! మట్టి గొట్టానికి రెండు గుణాలున్నాయి. నీళ్ళల్లో ఏమున్నా దాన్ని తినెయ్యవు, అది నీళ్ళల్లో ఏమీ కలపదు. పగిలితే కుమ్మరి ఇంకొకటి చేస్తాడు, సున్నం పెట్టి అతుకుతారు. రోమన్ ఇంజనీరు విట్రూవియస్ క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలోనే దాదాపు ఇదే రాశాడు. సీసం గొట్టాల కంటే మట్టి గొట్టాలు మేలన్నాడు. దానికి చెప్పిన కారణాల్లో ఒకటి ఆరోగ్యం (సీసం పనివాళ్ళ ఒళ్ళు పాలిపోయి ఉండటం చూడమన్నాడు), రెండోది మరమ్మతు.. మట్టి గొట్టాన్ని ఎవరైనా బాగుచెయ్యగలరని. రెండు వేల ఏళ్ళ కిందటి ఆ మాటకీ మా ప్లంబరు మాటకీ తేడా ఏముంది చెప్పండి? రోమ్ మాత్రం సీసమే ఎక్కువ వాడింది. సీసానికి లాటిన్ పేరు ప్లంబమ్. ప్లంబర్ అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. మనం రోజూ పిలిచే మనిషి పేరులోనే విషం ఉందన్నమాట.

రాగి గొట్టం ఇంకా పాతది. ఈజిప్టులో అబూసిర్ దగ్గర ఫరో సహూరె గుడిలో నీళ్ళు బయటికి పోవడానికి రాగి గొట్టాలు వేశారు. సుమారు 4,400 ఏళ్ళ కిందటి సంగతి. రాగి రేకుని సుత్తితో కొట్టి, గుండ్రంగా వంచి, రాతిలో గాడి తొలిచి అందులో పెట్టి సున్నంతో కప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వితే ముక్కలు దొరికాయి. రాగి అంతకాలం నిలుస్తుంది, నిజమే. కానీ అది దేవుడితో సమానమైన రాజు గుడి. మామూలు ఇళ్ళలోకి రాగి పైపు రావడానికి ఇరవయ్యో శతాబ్దం కావలసి వచ్చింది. పల్చటి గొట్టం, దానికి తొడిగి సోల్డర్‌తో అతికే ఫిట్టింగులు చవగ్గా దొరికాక, 1930ల నుంచి అమెరికాలో, యుద్ధం తర్వాత బ్రిటన్‌లో, ఇంటింటికీ రాగి వచ్చింది. ఇక్కడా ఒక తిరకాసుంది. ఆ సోల్డర్‌లో సగం సీసమే. తాగేనీళ్ళ పైపులకి సీసపు సోల్డర్ వాడకూడదని అమెరికా చట్టం తెచ్చింది 1986లో! అంటే "స్వచ్ఛమైన రాగి పైపు" అని మురిసిపోయిన ఇళ్ళలో కూడా అతుకు దగ్గర రోమన్ల విషమే కూర్చుని ఉంది.

మరి మన ఇళ్ళలో రాగి లేదా? ఉంది, కానీ పైపుగా కాదు, పాత్రగా. పెరట్లో కట్టెల పొయ్యి మీద రాగి కాగు, కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళలో మధ్యలో నిప్పులు వేసే రాగి బాయిలరు. చింతపండుతో తోమితే తళతళలాడేది. రాగికి వేడిని మోసే గుణం ఎక్కువ, అందుకని కాచే పాత్రకి రాగి సరైన ఎంపిక. మా నాన్న నమ్మకానికి మూలం ఆ కాగే. కానీ ఒక్కటి గమనించాలి. నీళ్ళు కాచే పాత్రకి వేడిని బయటికి దాటించే గుణం వరం. కాగిన నీళ్ళు మోసుకెళ్ళే గొట్టానికి అదే గుణం శాపం. సీపీవీసీతో పోలిస్తే రాగి రెండు వేల రెట్లకి పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. పైన తొడుగు వెయ్యకపోతే గోడ వెచ్చగా ఉంటుంది, బకెట్టులో నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి.

మన ఇళ్ళలో రాగి స్థానంలో ఉన్నది జీఐ, అంటే జింకు పూసిన ఇనుప పైపు. డై పట్టి మరలు కొయ్యడం, సఫేదా పూసి జనపనార చుట్టి బిగించడం.. ఆ రోజుల్లో ప్లంబింగంటే కండబలం. చల్లటి నీళ్ళకి ఇరవై ఏళ్ళు లాగేది. మా దిక్కు బోరు నీళ్ళు వేడెక్కితే మాత్రం లోపల సున్నపు పెచ్చు కట్టేది. మా పాత లైను కోసి చూస్తే ముప్పావంగుళం పైపులో పెన్సిలు పట్టేంత కంత మిగిలింది. తప్పు ఇనుముదొక్కటే కాదు, నీళ్ళది కూడా. గట్టి నీళ్ళని వేడిచేస్తే కరిగి ఉన్న కాల్షియం బయటపడి రాయిలా అంటుకుంటుంది. తాగేనీళ్ళలో కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములుంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా పరవాలేదని భారత ప్రమాణం చెప్తుంది. మా బోరు నీళ్ళు ఐదొందలు దాటాయి.

ప్లాస్టిక్ ఎప్పుడొచ్చింది? పీవీసీ పదార్థాన్ని 1835లో ఫ్రాన్స్‌లో రెన్యో చూశాడు, 1872లో జర్మనీలో బౌమన్ మళ్ళీ చూశాడు, ఇద్దరికీ దాంతో ఏం చెయ్యాలో తెలియలేదు. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ లోహానికి రబ్బరు అంటించే జిగురు కోసం వెతుకుతూ దాన్ని మెత్తగా సాగేట్టు చెయ్యడం కనిపెట్టాడు. 1930ల్లో జర్మన్లు దాంతో నీటి పైపులు చేశారు.

తెలుగునాట పీవీసీ కథలో మరిచిపోలేని పేరు ఎస్పీవై రెడ్డి. వరంగల్లులో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, భాభా అణు పరిశోధనా కేంద్రంలో ఉద్యోగం చేసి, అది వదిలేసి నంద్యాల వచ్చి ప్లాస్టిక్ ఫ్యాక్టరీ పెట్టిన మనిషి. 1984లో నంది పైపులు మొదలెట్టారు. రైతులకి తక్కువ ధరకి పైపులిచ్చి ఆ పేరుతోనే మూడుసార్లు నంద్యాల ఎంపీ అయ్యారు, 2019లో పోయారు. ఇక తెలంగాణలో పైపంటే సూర్యాపేట సుధాకర్. బోర్లు, కరెంటు మోటార్లు పెరిగినకొద్దీ పీవీసీ పెరిగింది. 2003 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మసేద్యం పథకం పెట్టాక చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి కూరగాయల తోటల్లో, పూలతోటల్లో నల్ల గొట్టాలు పరుచుకున్నాయి. అంటే మా ఊరికి ప్లాస్టిక్ పైపు ముందు పొలంలోకి వచ్చింది, తర్వాత ఇంట్లోకి. మా దిక్కు రైతుకి పైపు కోసి సొల్యూషన్ పూసి అతకడం నాగలి పట్టినంత సహజంగా వచ్చేసింది. రాగికి లేని, ప్లాస్టిక్‌కి ఉన్న అసలు బలం ఇదేనని నాకనిపిస్తుంది.

పీవీసీకి వేడి పడదు. అరవై డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలు. బరువులో 57 శాతం దాకా ఉండే క్లోరిన్‌ని 67 శాతం దాకా పెంచితే అది సీపీవీసీ అవుతుంది, తొంభై డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. 2000 తర్వాత మన ఇళ్ళలో జీఐని గోడల్లోంచి తరిమేసింది ఈ లేత పసుపు రంగు పైపే.

ఇక్కడిదాకా వింటే ప్లాస్టిక్ గెలిచేసినట్టే ఉంటుంది. ఆగండి, అమెరికాలో ప్లాస్టిక్ తిన్న దెబ్బ చూద్దాం. 1978 నుంచి 1995 దాకా అక్కడ పాలీబ్యూటిలీన్ అనే బూడిదరంగు పైపు లక్షల ఇళ్ళలో వేశారు. చవక, వంగుతుంది, రాగికంటే సగం కూలీ. ప్రయోగశాలలో బాగానే ఉంది. కానీ ఊరి నీళ్ళలో క్రిములు చంపడానికి క్లోరిన్ కలుపుతారు కదా, ఆ క్లోరిన్ పైపునీ దాని ప్లాస్టిక్ ఫిట్టింగులనీ లోపల్నుంచి పెళుసుగా మార్చింది. పదేళ్ళు బాగానే ఉండి తర్వాత చెప్పాపెట్టకుండా పగిలేవి. గోడలు తడిసి కేసులు పడ్డాయి. 1995లో కంపెనీలు దాదాపు 95 కోట్ల డాలర్లకి రాజీపడ్డాయి. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్లో ఉన్న నీళ్ళు వేరు, ప్రొడక్షన్‌లో ఉన్న నీళ్ళు వేరు. మీరు అమెరికాలో 1980ల నాటి ఇల్లు కొంటుంటే ఆ బూడిదరంగు పైపుందేమో చూసుకోండి.

పెక్స్ కథలో ఇంకో మెలిక ఉంది. జర్మనీలో థామస్ ఎంగెల్ 1968లో పాలిథీన్ అణువుల్ని ఒకదానికొకటి అడ్డంగా ముడివేసే పద్ధతి కనిపెట్టాడు, అదే పెక్స్. నేల కింద చుట్టలుగా పరిచే హీటింగ్‌కి ఇంతకంటే మంచిది లేదనుకున్నారు. తుప్పు పట్టదు, అతుకుల్లేకుండా చుట్ట మొత్తం ఒకటే ముక్క. కొన్నేళ్ళకి బాయిలర్లలో, రేడియేటర్లలో తుప్పు బురద తేలింది. పైపు తుప్పు పట్టకపోతే తుప్పెక్కడిది? ప్లాస్టిక్ గోడలోంచి గాలిలోని ఆక్సిజన్ మెల్లగా లోపలికి దూరుతోంది. సెంట్రల్ హీటింగ్‌లో అవే నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి మామూలుగా వాటిలో ఆక్సిజన్ త్వరగా అయిపోయి తుప్పు ఆగిపోవాలి. ఈ గొట్టం రోజూ కొత్త ఆక్సిజన్ సరఫరా చేస్తోందన్నమాట! తాను తుప్పు పట్టదు, పక్కవాణ్ణి పట్టిస్తుంది. అప్పుడు ఆక్సిజన్ దూరకుండా ఇంకో పల్చటి పొర చుట్టిన పైపు చేశారు. హీటింగ్‌కి ఇప్పటికీ ఆ పొర ఉన్నదే వాడాలి. స్నానం నీళ్ళకి అది అక్కర్లేదు, ఎందుకంటే అక్కడ ఎప్పటికప్పుడు కొత్త నీళ్ళే.

రాగి పార్టీవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. 2000 ప్రాంతంలో వాషింగ్టన్ శివార్లలో, మేరీల్యాండ్ వైపు, వేల ఇళ్ళలో రాగి పైపులకి సూదిమొన చిల్లులు పడ్డాయి. రాగి మారలేదు, నీటి రసాయనం మారింది. అన్నిటికంటే పెద్ద పాఠం మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్. 2014 ఏప్రిల్లో డబ్బు మిగులుతుందని ఆ ఊరికి డెట్రాయిట్ నీళ్ళు ఆపి ఫ్లింట్ నది నీళ్ళు ఇచ్చారు. తుప్పు ఆపే రసాయనం కలపలేదు. దశాబ్దాలుగా మట్టిలో బుద్ధిగా పడి ఉన్న పాత సీసం పైపుల లోపలి పొర కొట్టుకుపోయి సీసం కొళాయిల్లోకి వచ్చింది. పిల్లల రక్తంలోకి వెళ్ళింది. ఆ పైపులు ఏ ఒక్కటీ కొత్తవి కావు. కొత్తవి నీళ్ళు మాత్రమే.

సీసం గురించి మనమూ గొప్పలు పోవడానికి లేదు. మన దగ్గర పీవీసీ పైపు ఎండకి, వేడికి పాడవకుండా తయారీలో సీసపు లవణాలు కలపడం చాలాకాలం మామూలే. దాన్ని ఆపే కేంద్ర నిబంధనలు 2021లో గానీ రాలేదు. పాత పీవీసీ లైను ఉన్నవాళ్ళు ఆ నీళ్ళు తాగకుండా ఉంటే మంచిది. కొత్తది కొనేవాళ్ళు సీసం లేదని పైపు మీద రాసి ఉందో లేదో చూడండి.

ఇక ధర. 2001 చివర్లో టన్ను రాగి 1,500 డాలర్ల లోపు. 2006 మే నాటికి 8,000 దాటింది, 2021 మేలో 10,000 దాటింది. చైనా ఎదుగుదల దీనికి పెద్ద కారణం. మన దేశం విషయానికొస్తే తూత్తుకుడి రాగి కర్మాగారానికి వ్యతిరేకంగా జరిగిన ఉద్యమంలో 2018 మే 22న పోలీసు కాల్పులు జరిగాయి, 13 మంది చనిపోయారు, కర్మాగారం మూతపడింది. శుద్ధిచేసిన రాగిని ఎగుమతి చేసే దేశం ఆ తర్వాత దిగుమతి చేసుకునే దేశమైంది. ప్లాస్టిక్ పక్కనా చావులున్నాయి. పీవీసీకి ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ వల్ల కార్మికులకి అరుదైన కాలేయ క్యాన్సర్ వస్తోందని 1974లో అమెరికాలో బయటపడింది. పైపు ఏదైనా మన గోడలోకి వచ్చేలోపు ఎవరో ఒకరు మూల్యం చెల్లించే ఉన్నారు. అది లెక్కలో వెయ్యకుండా "రాగి పవిత్రం, ప్లాస్టిక్ పాపం" అని తీర్పులివ్వడం నాకు నచ్చదు.

మరి మా ఇంట్లో ఏం చేశామంటారా? నీళ్ళ రిపోర్టు ముందు పెట్టుకుని లెక్క వేశాం. గట్టి బోరు నీళ్ళలో, అదీ చల్లటి నీళ్ళ లైనులోనే, రాగికి చిల్లులు పడే రకం ఒకటి ఇంజనీర్లకి బాగా తెలిసిన జబ్బు. కాబట్టి చల్లటి లైనుకి రాగి వద్దు. పైగా పాత జీఐ ముక్కలు కొన్ని అలాగే ఉన్నాయి. నీళ్ళు పారే దారిలో రాగి ముందుండి ఇనుము తర్వాత ఉంటే, కరిగిన రాగి వెళ్ళి ఇనుప పైపుని తినేస్తుంది. వేడి లైనుకి సీపీవీసీ, కానీ సోలార్ ట్యాంకు దగ్గర కాదు. మే నెలలో అమ్మానాన్నలు పది రోజులు మా దగ్గరికి వస్తే ఆ ట్యాంకులో నీళ్ళు మరిగిపోతాయి. సీపీవీసీ తట్టుకోగలిగే హద్దుకి అది చాలా దగ్గర. అమెరికాలో కూడా పెక్స్‌ని హీటరుకి నేరుగా తగిలించరు, మొదటి 18 అంగుళాలు లోహమే వేస్తారు. అందుకని ట్యాంకు నుంచి కిందికి దిగే మొదటి రెండు మీటర్లు రాగి, అక్కణ్ణుంచి సీపీవీసీ. రాగి అతికేవాడు చేవెళ్ళలో దొరకడనుకున్నాం. దొరికాడు, ఏసీలు ఫ్రిజ్జులు బాగుచేసే కుర్రాడు! వాళ్ళ పని మొత్తం రాగి గొట్టాలతోనే కదా.

ఇంకో లెక్క కూడా చూడండి, షాపులో ఎవరూ చెప్పరు. పది మీటర్ల పైపులో నీళ్ళు 40 డిగ్రీలు వేడెక్కితే రాగి 7 మిల్లీమీటర్లు సాగుతుంది. సీపీవీసీ 26. పెక్స్ అయితే దాదాపు 60. ఇంత సాగే పైపుని సిమెంటులో బిగించి పాతితే అది ఎల్బో దగ్గరే కోపం చూపిస్తుంది. అందుకని మా లైను చాలావరకు గోడ బయటే వేసి, క్లిప్పుల్లో కదలనిచ్చి, మలుపుల దగ్గర ఖాళీ వదిలాం. చూడ్డానికి అందంగా లేదని అమ్మ అన్నమాట నిజం. కానీ లీకైతే గోడ పగలగొట్టక్కర్లేదు, పదేళ్ళ తర్వాత డెబ్భై ఏళ్ళు దాటిన ఇద్దరు మనుషులు ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

నాన్నకి రెండు మీటర్ల రాగి దక్కింది, ప్లంబరుకి అతకగలిగే పైపు దక్కింది. బావకి మాత్రం ఏమీ దక్కలేదు. ఆయన పెక్స్‌లో తప్పేం లేదు, న్యూజెర్సీ నీళ్ళకీ న్యూజెర్సీ ప్లంబర్లకీ అది సరైనదే. చేవెళ్ళలో దాని ఫిట్టింగు కోసం ఎవరూ హైదరాబాదు పరిగెత్తలేరు, అంతే.

పైపు సంగతి తేలింది. నీళ్ళ సంగతే తేలలేదు. మొదటి ప్రశ్న నీళ్ళ గురించి అడగమన్నాను కదా, ఆ ప్రశ్నకి మా ప్రాంతపు జవాబు గోడకి బయటే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో హైదరాబాదులో దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన సలహాతో మూసీ మీద 1920కి ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, ఈసీ మీద 1927కి హిమాయత్‌సాగర్ కట్టారు. పంపులు లేకుండా, వాలు మీదే, రాతి కాలువలో గండిపేట నీళ్ళు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్లకి వెళ్ళేవి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడన్న మాట అప్పటిదే. ఆ రెండు నదులకీ నీళ్ళొచ్చేది మా పొలాల మీంచే. వాటిని కాపాడటానికి 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ళ, శంషాబాద్ చుట్టుపక్కల 84 ఊళ్ళలో పరిశ్రమలు, పెద్ద కాలనీలు కట్టకూడదన్నారు. భూముల ధర పెరగలేదని ఊళ్ళవాళ్ళ బాధ, చెరువులు చస్తాయని నగరం భయం. 2022 ఏప్రిల్లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించారు, 2023 మేలో పూర్తిగా ఎత్తేస్తామని అప్పటి మంత్రివర్గం ప్రకటించింది.

మాకు నీళ్ళు తెస్తామన్న మాటలూ ఉన్నాయి. 2003 ఏప్రిల్ 9న రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలెట్టింది చేవెళ్ళలోనే, కరువు కాలంలో. 2008లో ప్రాణహిత–చేవెళ్ళ పథకానికి శంకుస్థాపన జరిగింది. మనిషి నిలబడి నడవగలిగే ఉక్కు పైపులు, పెద్ద పెద్ద మోటార్లు. 2016లో డిజైను మారి అది కాళేశ్వరం అయ్యింది. చేవెళ్ళ పేరు పోయింది, ఆ నీళ్ళూ ఇక్కడిదాకా రాలేదు. తర్వాత మిషన్ భగీరథ కింద ఇంటి ముందుకి ఒక నల్ల ప్లాస్టిక్ పైపు వచ్చింది, తాగడానికి. స్నానానికి, తోటకి, ఇంటి పనికి బోరే గతి.

మా బోరు 1990ల్లో 150 అడుగులు. ఇప్పటిది 700. లోతుకి వెళ్ళేకొద్దీ నీళ్ళలో లవణాలు పెరగడం చాలాచోట్ల చూస్తున్నదే. అంటే ఇవాళ నేను చేయించిన నీళ్ళ పరీక్ష ఇవాళ్టికే. చెరువుల పైన కాలనీలు లేచి, వానకి భూమిలోకి ఇంకే దారులు మూసుకుపోతే, పదిహేనేళ్ళ తర్వాత అదే పైపులో వేరే నీళ్ళు పారతాయి. ఫ్లింట్‌లో నీళ్ళు మార్చింది ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ఇక్కడ మార్చబోయేది మనం కొనే ప్లాట్లు, మనం వేసే బోర్లు. పైపుకి కంపెనీ యాభై ఏళ్ళ గ్యారంటీ ఇస్తానంటోంది, బాగానే ఉంది. మొయినాబాద్‌లో ప్లాటు చూడటానికి వచ్చే ఐటీ మిత్రులు బ్రోకర్ని రోడ్డు వెడల్పెంత, రేటెంత అని అడుగుతారు. ఈసారి బోరు ఎన్ని అడుగులు, పదేళ్ళ కింద ఎన్ని అడుగులు అని కూడా అడిగి చూడండి.